శీతలకమా, ఉష్ణవాహకమా?
కంప్యూటరు ద్రవ శీతలకం, దాని బిగింపు: ఒక విమర్శ

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ‘కూలర్’ అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. అడుగున నీళ్ళతొట్టి, మూడు ప్రక్కల పీచు తడకలు, నడుమ ఫ్యాను గల పెట్టె అది. మే నెలలో వెలుపల 43 డిగ్రీల ఎండ కాస్తున్నపుడు దాని ముందు కూర్చున్న మనిషికి ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. ఇప్పుడు అదే పేరుతో మరొక పరికరం కంప్యూటరు దుకాణాలలో అమ్మకానికి వచ్చింది. కంప్యూటరులోని ప్రాసెసరు మీద బిగించే ఈ సాధనాన్ని ‘లిక్విడ్ కూలర్’ అంటారు. పంపు, గొట్టాలు, రేడియేటరు, ద్రవం అన్నీ కర్మాగారంలోనే కలిపి మూసివేసి ఇస్తారు గనుక ‘ఆల్ ఇన్ వన్’ అనే విశేషణం కూడా దానికి తగిలించారు.

పేరులో ‘కూలర్’ ఉన్నది, లోపల నీరున్నది. కాబట్టి గదిలోని కూలర్ చేసే పనినే ఇదీ చేస్తుందని విద్యార్థులు తలచడం సహజం. కాని ఈ రెండు పరికరాలూ ఆధారపడిన భౌతికశాస్త్ర సూత్రాలు వేరు. గది కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ప్రాసెసరు కూలర్ దేనినీ చల్లగా పుట్టించదు. ఒకచోట ఉన్న వేడిని మరొకచోటికి మోసుకొనిపోతుంది, అంతే. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే దానిని కొనడంలోను, బిగించడంలోను, దాని నుండి ఆశించడంలోను పొరపాట్లు కలుగుతున్నవి. ఈ సాధనపు మంచిచెడ్డలను నిర్ణయించడానికి ఇంతకంటె మంచి గీటురాయి లేదు.

ఈ పరికరం ఎందుకు అవసరమైనది?

ప్రాసెసరు వినియోగించే విద్యుత్తు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. శక్తిమంతమైన ప్రాసెసరు ఒకటి పనిభారం మీద ఉన్నపుడు 150 వాట్లు తీసుకుంటున్నదనుకుందాం. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు తీసుకుంటుంది గదా, ఇదెంత అనిపించవచ్చును. అయితే ఇస్త్రీపెట్టె అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసరులో వేడి పుట్టే సిలికాన్ ముక్క వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 75 వాట్లు. ఇస్త్రీపెట్టె కంటె పదిహేను రెట్లు! మొత్తం వేడి స్వల్పమే, అది పుట్టే చోటు మరీ ఇరుకు. అదే చిక్కు.

ఈ చిక్కు కొత్తది కాదు. ఐ.బి.యం. సంస్థ 1980లో ప్రకటించిన 3081 అనే పెద్ద గణనయంత్రంలో నీటిని ప్రవహింపజేసి చిప్పులను చల్లబరచారు. 1985లో వెలువడిన క్రే-2 గణనయంత్రంలోనైతే విద్యుత్ పలకలన్నిటినీ విద్యుత్తు ప్రవహించని ఒక ప్రత్యేక ద్రవంలో ముంచి ఉంచారు. 2004లో ఆపిల్ సంస్థ పవర్ మాక్ జి-5 అనే బల్లమీది కంప్యూటరుకు ద్రవ శీతలీకరణం అమర్చింది. వాటిలో కొన్ని ద్రవం కారి పాడైనవి. ద్రవాన్ని పూర్తిగా మూసివేసి, పంపును రాగిపలకతో ఒకటిగా కూర్చిన సాధనాలను డెన్మార్కుకు చెందిన ఆసెటెక్ సంస్థ రూపొందించింది. అది తయారుచేయగా 2009లో కోర్సేర్ సంస్థ విక్రయించిన హెచ్-50తో ఇది సామాన్య వినియోగదారులకు పరిచయమైనది. కొనుగోలుదారుడు గొట్టాలను కోయనక్కరలేదు, ద్రవం నింపనక్కరలేదు. పెట్టెలో నుంచి తీసి బిగించుకోవడమే. ఈ సౌలభ్యమే దాని గొప్పతనం. ‘బిగించుకోవడమే’ అన్న ఆ ఒక్క మాటలోనే దాని కష్టం కూడా ఉన్నది.

తూము, కాలువ, పొలం

దీని నిర్మాణం తెలుసుకోవడానికి కంభం చెరువును తలచుకోవచ్చును. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టకట్టి శతాబ్దాల క్రిందట నిర్మించిన ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువులోని నీరు తూము గుండా బయటికి వచ్చి, కాలువలో ప్రవహించి, పొలాలలో వ్యాపిస్తుంది. నీరు మెరక నుండి పల్లానికే పోతుంది. మూడు చోట్లలో ఎక్కడ ఇరుకైనా పారుదల అక్కడనే తగ్గిపోతుంది. కాలువను ఎంత వెడల్పు చేసినా తూము పూడిపోయి ఉంటే పొలానికి నీరందదు.

ప్రాసెసరు నుండి వేడి పోయే మార్గం కూడా ఇట్టిదే. ఇక్కడ మెరకపల్లాలకు బదులు ఉష్ణోగ్రతా భేదం ఉన్నది. ప్రాసెసరు మూతకూ రాగిపలకకూ నడుమ ఉండే లేపనపు పొర తూము వంటిది. గొట్టాలలో తిరిగే ద్రవం కాలువ వంటిది. పల్చని అల్యూమినియం రేకులు గల రేడియేటరు, ఫ్యాన్లు పొలం వంటివి. ఆ రేకుల మీదుగా వీచే గాలిలో వేడి వ్యాపించి పోతుంది. ఈ మూడు అవరోధాలు, విద్యుత్ వలయంలో శ్రేణిలో కలిపిన నిరోధాల వలె, ఒకదానికొకటి కలుస్తాయి. ఓం నియమం చదివిన విద్యార్థి ఈ లెక్కను కూడా చేయగలడు. వోల్టేజికి బదులు ఉష్ణోగ్రతా భేదం, విద్యుత్ ప్రవాహానికి బదులు వాట్లు వేసుకుంటే చాలును.

ఉదాహరణకు, చిప్పు నుండి ద్రవం వరకు గల నిరోధం వాటుకు 0.20 డిగ్రీలు, ద్రవం నుండి గాలి వరకు గల నిరోధం వాటుకు 0.08 డిగ్రీలు అనుకుందాం. 150 వాట్ల వద్ద మొదటి మెట్టు 30 డిగ్రీలు, రెండవ మెట్టు 12 డిగ్రీలు. మొత్తం 42 డిగ్రీలు. ఈ 42ను గదిలోని గాలి ఉష్ణోగ్రతకు కలపవలెను. జనవరి ఉదయం గది 28 డిగ్రీలుంటే ప్రాసెసరు 70 వద్ద నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం గది 43 డిగ్రీలుంటే 85 వద్ద నిలుస్తుంది. పరికరం అదే, బిగింపు అదే; పదిహేను డిగ్రీలు గాలి తెచ్చిపెట్టినవి. సుమారు 95 నుండి 100 డిగ్రీలు చేరేసరికి నేటి ప్రాసెసర్లలో చాలా భాగం తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి.

చల్లని గదులలో జరిపిన పరీక్షల ఫలితాలను చూచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో పరికరాన్ని కొనేవారు ఈ ఒక్క కూడికను మరువకూడదు. అట్టి ఫలితాలలో గది ఉష్ణోగ్రత చెప్పకపోతే, ప్రాసెసరు ఉష్ణోగ్రతకు విలువ లేదు. గది కంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నదే చూడవలసిన సంఖ్య.

నీటి గొప్పతనం ఎక్కడ?

‘నీరు చల్లనిది కాబట్టి చల్లబరుస్తుంది’ అనే వాదం తప్పు. గదిలో ఉంచిన నీరు, మూతపెట్టి ఉంచినంతవరకు, గది అంతటి వేడిగానే ఉంటుంది. నీటి గొప్పతనం దాని విశిష్టోష్ణంలో ఉన్నది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.18 జౌళ్ళు కావలెను. సమానమైన ఘనపరిమాణాలు తీసుకుంటే, నీరు గాలి కంటె సుమారు 3500 రెట్లు వేడిని ఇముడ్చుకోగలదు. అందుచేతనే వేలెడు లావు గొట్టంలో మెల్లగా పారే నీరు, పెద్ద సుడిగాలి మోయవలసిన వేడిని మోయగలుగుతున్నది.

నిమిషానికి ఒక లీటరు చొప్పున ద్రవం తిరుగుతున్నదనుకుంటే, సెకనుకు సుమారు 16.7 గ్రాములు. 150 వాట్ల వేడిని తీసుకొన్న తరువాత దాని ఉష్ణోగ్రత పెరిగేది రెండు డిగ్రీలకు కొంచెం పైన మాత్రమే. కనుక రెండు గొట్టాలలో ఏది వేడిది, ఏది చల్లనిది అనే ప్రశ్న అంత ముఖ్యం కాదు. రెండూ ఇంచుమించు సమానమే. అసలు ద్రవంలో నీటితోపాటు గడ్డకట్టకుండా, లోహాలు తినివేయబడకుండా కాపాడే గ్లైకాల్ వంటి పదార్థాలు కలిపి ఉంటాయి. అందువల్ల ఈ లెక్కలో స్వల్పమైన తేడా రావచ్చును.

ఈ గుణం వల్లనే ఒక భ్రమ కూడా కలుగుతున్నది. పరికరం బిగించి ఐదు నిమిషాలు పరీక్షించి, ‘ఎంత చల్లగా ఉన్నదో’ అని సంతోషించేవారు కలరు. ఆ ఐదు నిమిషాలలో పుట్టిన వేడిలో కొంత భాగం గాలిలోకి పోనే లేదు. ద్రవాన్ని, లోహాలను వేడెక్కించడానికి సరిపోయింది. పావు లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి వేయి జౌళ్ళకు పైగా పట్టుతుంది. నిల్వ నిండిన తరువాతనే రేడియేటరు అసలు శక్తి బయటపడుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత పెరగడం పూర్తిగా ఆగేవరకు, ఇరవై నిమిషాలో అరగంటో, నడపకుండా తీర్పు చెప్పరాదు. చెరువు నిండేవరకు అలుగు పారదు గదా!

కుండ చేయగలది, ఇది చేయలేనిది

ఇక గది కూలర్, మట్టికుండ సంగతి. కుండ రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ తనతో గుప్తోష్ణాన్ని తీసుకొనిపోతుంది. గాలి 42 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం ఉన్న పొడి మధ్యాహ్నం తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు 24 డిగ్రీలే చూపుతుంది. కుండలోని నీరు ఆ దిశగా చల్లబడుతుంది. గాలి కంటె చల్లనగుట అనే ఈ పని మూసివేసిన ద్రవ శీతలకానికి ఎన్నటికీ సాధ్యం కాదు. వెలలో ఎంత తేడా ఉన్నా, ఈ ఒక్క విషయంలో కుమ్మరి కుండదే పైచేయి.

అయితే కుండ విధానానికి చెల్లించవలసిన మూల్యం ఉన్నది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 జౌళ్ళు పట్టుతుంది. 150 వాట్ల వేడిని ఆవిరి ద్వారానే పోగొట్టాలంటే గంటకు దాదాపు 225 గ్రాముల నీరు కావలెను. పదిగంటలకు రెండు లీటర్లకు పైగా. ఒక్క కంప్యూటరుకు ఇది అల్పమే కావచ్చును. వేల యంత్రాలుండే గణన కేంద్రాలు కొన్ని ఆవిరి ద్వారానే చల్లబరచుకుంటున్నవి. అక్కడ ఈ లెక్క చెరువుల కొలతకు చేరుతుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో భాగంగా ఉన్న ఈ మార్కాపురం, గిద్దలూరు సీమలకు నీటి విలువ వేరుగా చెప్పవలసిన పని లేదు. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణాజలం తేవడానికై పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు క్రింద నల్లమలలో సొరంగాలు తొలచవలసి వచ్చిన నేల ఇది. ఇక్కడ చుక్క నీరు ఖర్చుచేయకుండా పనిచేసే మూసిన వలయాన్ని తక్కువ చేయరాదు. చల్లదనంలో కుండకు ఓడినది, పొదుపులో కుండను గెలిచింది.

రెండింటినీ కలిపి వాడుకొనే మార్గం కూడా ఉన్నది. గది కూలర్ గాలిని 43 నుండి 31 డిగ్రీలకు దించితే, ప్రాసెసరు కూడా అంతే దిగుతుంది. పై లెక్కలో 85 కాస్తా 73 అవుతుంది. రేడియేటరులోని ద్రవం గాలి కంటె ఎప్పుడూ వేడిగానే ఉంటుంది గనుక దానిమీద తేమ పట్టి నీటిబిందువులు ఏర్పడతాయనే భయం లేదు. కాని గది కూలర్‌ను కంప్యూటరుకు ఎదురుగా దగ్గరలో పెట్టడం తప్పు. దాని నుండి ఎగిరే తుంపరలో ఈ ప్రాంతపు బోరునీటి లవణాలన్నీ ఉంటాయి. అవి విద్యుత్ పలకలకు హాని చేస్తాయి.

బిగింపు పత్రాల లోపం

ఈ పరికరాలతో వచ్చే బిగింపు పత్రాలు చాలా భాగం బొమ్మలతోనే నిండి ఉంటాయి. తెలుగు కనిపించడం అరుదు. ఏ మర ఎక్కడ బిగించవలెనో బొమ్మ చూపుతుంది. ఎందుకు అట్లు బిగించవలెనో చెప్పదు. చేతికి చెప్పి బుద్ధికి చెప్పని బోధన ఇది. కారణం తెలియని నియమాన్ని మనిషి తొందరలో మరచిపోతాడు. తెలిసినదానిని మరువడు. ముఖ్యమైన మెట్లను కారణాలతోసహా పరిశీలిస్తే ఈ లోపం ఎంత పెద్దదో తేలుతుంది.

మొదటిది, పొరను తీయడం. కొన్నింటిలో రాగిపలక మీద గీతలు పడకుండా పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. దానిని తీయకుండా బిగించినవారు లేకపోలేదు. పత్రంలో మూలనున్న చిన్న బొమ్మ ఒకటి దీనికి హెచ్చరిక. పొర మందం మిల్లీమీటరులో పదో వంతు, వేడి దాటే వైశాల్యం పది చదరపు సెంటీమీటర్లు, ప్లాస్టిక్ ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.2 వాట్లు అనుకొని లెక్కిస్తే, 150 వాట్ల వద్ద ఆ పొర ఒక్కటే 75 డిగ్రీల భేదాన్ని కలిగిస్తుంది. వేల రూపాయల యంత్రం ఆ పొర ముందు నిరర్థకమవుతుంది. ఈ ఒక్క సంఖ్యను బొమ్మ ప్రక్కన అచ్చువేస్తే ఎవరూ ఆ పొరను మరచిపోరు.

రెండవది, లేపనం. మార్కాపురం పలకలను ఎరిగినవారికి దీనిని బోధించడం సులభం. ఎంత నునుపు చేసిన రెండు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టినా, అవి నిజంగా తాకేది కొన్ని ఎత్తైన బిందువుల వద్దనే. మిగిలినచోట నడుమ గాలి ఉంటుంది. లోహపు ఉపరితలాలూ అంతే. గాలి ఉష్ణవాహకత 0.026, రాగిది సుమారు 400. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు గాలిపొర అంతటా ఉంటే, పై వైశాల్యానికే లెక్క వేయగా, 288 డిగ్రీల భేదం వస్తుంది. అనగా ప్రాసెసరు పనిచేయనే చేయదు. అదే చోటులో ఉష్ణవాహకత 5 గల లేపనం ఉంటే భేదం ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. అయితే లేపనం రాగి కంటె ఎనభై రెట్లు హీనమైన వాహకం. కాబట్టి అది గాలిని వెళ్ళగొట్టడానికి కావలసినంతే ఉండవలెను. లోహాలను దూరం చేసేటంత మందంగా ఉండరాదు. పత్రాలు ‘బఠాణీ గింజంత’ అని చెప్పి ఊరుకుంటాయి. ఎక్కువైతే ఏమి నష్టమో, తక్కువైతే ఏమి నష్టమో చెప్పవు.

తరగతిలో దీనిని చూపవచ్చును. ఒక రాతిపలక మీద బఠాణీగింజంత దంతధావన లేపనం ఉంచి, పైన చిన్న గాజుముక్కను, అంచులు నున్నగా ఉన్నదానిని, నిదానంగా నిటారుగా నొక్కవలెను. లేపనం గుండ్రంగా వ్యాపించడం గాజులో నుంచి కనిపిస్తుంది. అదే గాజును ఒక మూలనే ముందుగా నొక్కితే లేపనం ఒక ప్రక్కకు పోయి, రెండవ ప్రక్క గాలి నిలిచిపోతుంది. మరలను ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా బిగించమనడానికి కారణం విద్యార్థికి మరి చెప్పనక్కరలేదు.

మూడవది, పంపు స్థానం. మూసిన వలయంలో కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది. కాలక్రమాన రబ్బరు గొట్టాల గుండా నీటి ఆవిరి బహు సూక్ష్మంగా తప్పించుకుపోతుంది గనుక ఆ గాలి పెరుగుతూ వస్తుంది. గాలి ఎల్లప్పుడు అన్నిటికంటె పైకి చేరుతుంది. ఆ పైచోటు రేడియేటరు అయితే హాని లేదు. పంపు అయితే అది గాలినే తిప్పుతూ చప్పుడు చేస్తుంది, త్వరగా అరుగుతుంది. అందుచేత రేడియేటరును పెట్టె కప్పుకు బిగించడం, లేదా నిలువుగా బిగించినపుడు దాని పైకొన పంపు కంటె ఎత్తులో ఉండేటట్లు చూడడం అవసరం. నిలువుగా ఉన్నపుడు గొట్టాలు క్రిందివైపుకు ఉండటం మరీ మంచిది. రేడియేటరును పెట్టె అడుగున బిగించడం మాత్రం కూడదు. మోటారు ఆన్ చేసేముందు గొట్టంలో గాలి లేకుండా చూచుకొనే రైతుకు ఈ సంగతి వెంటనే బోధపడుతుంది.

నాలుగవది, గాలి దిక్కు. రేడియేటరును ముందువైపున బిగించి బయటిగాలిని లోపలికి పీలిస్తే ప్రాసెసరుకు మేలు. కాని వేడెక్కిన గాలి పెట్టె లోపలి ఇతర భాగాల మీదికి పోతుంది. కప్పుకు బిగించి లోపలి గాలిని వెలుపలికి నెట్టితే ఇతర భాగాలకు మేలు. ప్రాసెసరుకు కొంచెం నష్టం. ఎవరి అవసరాన్ని బట్టి వారు ఎంచుకోవలసిన విషయమిది. పత్రాలు తరచు ఒకే బొమ్మ చూపి, ఇదే మార్గమన్నట్లు తోపింపజేస్తాయి.

ఇక పంపు తీగను మదర్‌బోర్డులో దానికి నిర్ణయించిన చోట తగిలించడం, ప్రాసెసరు రకానికి తగిన బిగింపు చట్రాన్ని ఎన్నుకోవడం, పెట్టెలో 240 లేక 360 మిల్లీమీటర్ల రేడియేటరుకు చోటున్నదో లేదో ముందే కొలుచుకోవడం వంటివి బొమ్మలతోనే తెలియగలవు. వాటి విషయంలో పత్రాలను తప్పుపట్టనక్కరలేదు.

పలకల ధూళి

‘ఒకసారి బిగిస్తే చాలు, మరి చూడనక్కరలేదు’ అనే ప్రచారం మరింత విమర్శింపదగినది. ద్రవం మూసి ఉన్నమాట నిజమే. గాలి మూసి లేదు. రేడియేటరు రేకుల నడుమ సందు మిల్లీమీటరుకు కొంచెం అటూఇటూ ఉంటుంది. దేశమంతటా బడిపిల్లల చేతికి పలకలనందించిన మార్కాపురంలో రాయి కోసినపుడు, చెక్కినపుడు లేచే సన్నని ధూళి ఎంత దూరం పోతుందో అక్కడివారికి తెలుసు. సిలికా కలిసిన ఆ ధూళి కార్మికుల ఊపిరితిత్తులకు చేసే హానితో పోల్చితే యంత్రానికి కలిగే హాని లెక్కలోనిది కాదు. అయినా పరికరాన్ని గురించిన విమర్శలో దానిని విడువరాదు.

ఫ్యాన్లు గంటకు 100 ఘనమీటర్ల గాలిని రేడియేటరు గుండా పంపుతున్నవనుకుంటే, 150 వాట్ల వేడి తీసుకొన్న గాలి సుమారు ఐదు డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. దుమ్ముతో ప్రవాహం సగమైతే పది డిగ్రీలు వేడెక్కుతుంది. రేకుల మీది దుమ్ముపొర మరికొంత అడ్డుపడుతుంది. మొత్తంమీద వాటుకు 0.08 ఉన్న నిరోధం 0.16 అయినదనుకుంటే, ముందు చెప్పిన 85 డిగ్రీలు 97కు చేరుతుంది. అనగా ఒక్క వేసవి దుమ్ము, కొన్న పరికరపు లాభాన్నంతా మింగివేయగలదు. గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల ఘాటు ఎక్కే లారీ డ్రైవరు రేడియేటరు రేకులలో చిక్కిన పురుగులను, చెత్తను దులపకుండా బయలుదేరడు. కంప్యూటరు యజమానికి కూడా ఆ జాగ్రత్తే కావలెను. ధూళి ఎక్కువగా ఉన్నచోట నెలకొకసారి యంత్రాన్ని ఆపి, ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకొని, మెత్తని కుంచెతో గాని, గాలి ఊదే సాధనంతో గాని శుభ్రం చేయడం మంచిది.

ఒకటి మాత్రం చేయకూడదు. లారీకి నీళ్ళు పోసినట్లు దీనికి బోరునీరు పోయడానికి ప్రయత్నించరాదు. రాగిపలక లోపలి కాలువలు మిల్లీమీటరులో పదో వంతు ప్రమాణంలో ఉంటాయి. ఇక్కడి కఠినజలం కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లని పొర ఎంత మందమో గమనించినవారికి, ఆ కాలువల గతి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ద్రవం తగ్గిన మూసిన పరికరాన్ని మార్చవలసిందే. దాని ఆయుర్దాయం కొన్ని సంవత్సరాలు మాత్రమేనని కొనేటపుడే తెలుసుకోవలెను.

పాత గాలి శీతలకంతో పోలిక

రాగిగొట్టాలు, అల్యూమినియం రేకులు, ఒక ఫ్యాను గల సాధారణ గాలి శీతలకంతో పోల్చినపుడు ద్రవ శీతలకానికి నిజమైన లాభాలున్నవి. రేకుల వైశాల్యాన్ని ప్రాసెసరు దగ్గరి ఇరుకుచోటు నుండి దూరంగా విశాలమైన చోటికి తీసుకొనిపోవచ్చును. మదర్‌బోర్డు మీద కిలో బరువు వేలాడదు. కొద్దిసేపు వచ్చే అధిక పనిభారాన్ని ద్రవం నిబ్బరంగా ఇముడ్చుకుంటుంది. ఫ్యాన్లు మెల్లగా తిరిగినా చాలును గనుక చప్పుడు తక్కువ.

నష్టాలూ ఉన్నవి. గాలి శీతలకంలో ఫ్యాను ఆగిపోయినా, కిలో దగ్గర లోహం వేడెక్కడానికి కొంత వ్యవధి పట్టుతుంది. సహజ సంవహనం వల్ల కొంత వేడి పోతూనే ఉంటుంది. ద్రవ శీతలకంలో పంపు ఆగితే ప్రాసెసరు మీద మిగిలేది రమారమి నూరు గ్రాముల రాగి, కొద్ది గ్రాముల ద్రవమే. 150 వాట్లకు అది సెకనుకు దాదాపు రెండు డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ప్రాసెసరు తన్నుతాను కాపాడుకొని వేగం తగ్గించుకోవచ్చును గాని, పని మాత్రం నిలిచిపోతుంది. మరొకటి, గాలి శీతలకపు ఫ్యాను ప్రాసెసరు చుట్టూ ఉన్న విద్యుత్ నియంత్రక భాగాలకు కూడా కొంత గాలి తగిలిస్తుంది. ద్రవ శీతలకం ఆ ఉపకారం చేయదు. వాటికి వేరే గాలి ఏర్పాటు కావలెను.

ఎవరికి తగును?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి తీర్పు కష్టం కాదు. పాఠశాల ప్రయోగశాలలో లెక్కలకు, పాఠాలకు వాడే 65 వాట్ల ప్రాసెసరుకు ద్రవ శీతలకం అనవసరం. ఆ సొమ్ముతో గదికి మంచి గాలి ప్రసారం, కిటికీలకు నీడ, దుమ్ము ఆపే జాలీలు ఏర్పరిస్తే గదిలోని కంప్యూటర్లన్నిటికీ, పిల్లలకూ మేలు కలుగుతుంది. గదిని ఐదు డిగ్రీలు చల్లబరచడం అక్కడి ప్రతి ప్రాసెసరునూ ఐదు డిగ్రీలు చల్లబరచడమే. గంటల తరబడి చలనచిత్ర సంకలనమో, పెద్ద గణనలో చేసే శక్తిమంతమైన యంత్రానికి మాత్రం ఇది తగిన సాధనం. అదైనా సరిగా బిగించి, శుభ్రంగా ఉంచి, కొన్నేళ్ళకు మార్చుకొనే ఏర్పాటుంటేనే.

పరికరం మీద ఉన్న విమర్శ కంటె దాని ప్రచారం మీద, బోధన మీద ఉన్న విమర్శే బలమైనది. ద్రవ శీతలకం అబద్ధం చెప్పదు. దాని పేరు చెప్పుతున్నది. ‘చల్లదనం’ అనే వస్తువు ఒకటున్నదనీ, దానిని డబ్బాలో కొనుక్కోవచ్చుననీ విద్యార్థి నమ్మితే, పదవ తరగతి వరకు చదివిన ఉష్ణశాస్త్రం వ్యర్థమైనట్లే. ఉష్ణవాహకత, విశిష్టోష్ణం, గుప్తోష్ణం, సంవహనం అనే మాటలు పాఠంలో వేరువేరు పుటలలో ఉంటాయి. ఈ చిన్న యంత్రంలోను, దాని ప్రక్కన పెట్టిన మట్టికుండలోను అవన్నీ ఒక్కచోట పనిచేస్తూ కనిపిస్తాయి. ఒక ఉష్ణమాపకం, ఒక తడిగుడ్డ, ఒక రాతిపలక, ఒక గాజుముక్క ఉంటే ఉపాధ్యాయుడు వాటిని ఒక్క గంటలో చూపగలడు. ఆ గంట తరువాత విద్యార్థి దుకాణంలో అడుగవలసిన మొదటి ప్రశ్న, ‘ఇది ఎంత చల్లబరుస్తుంది?’ అని కాక, ‘గది కంటె ఎన్ని డిగ్రీల ఎక్కువలో నిలుపుతుంది?’ అని మారితే, పాఠం ఫలించినట్లే.